కాలువలు వదిలే రోజులు, కట్టేసే రోజులు: కాకినాడ ప్రాంతంలో కుటుంబ విహారాల చరిత్ర

ఉద్దేశం

గోదావరి డెల్టాలో కుటుంబాలు ఇల్లు వదిలి ఎప్పుడు, ఎందుకు, ఎలా బయలుదేరేవో, ఆ అలవాటు నూట యాభై ఏళ్ళలో ఎలా మారిందో ఈ పాఠం పూర్తిచేసేసరికి మీరు వివరించగలగాలి. సెలవు, విహారం వంటి రోజువారీ విషయాలను చరిత్ర రచనకు ఎలా వాడుకోవచ్చో కూడా తెలుసుకుంటారు. ఇందులో రాజులూ యుద్ధాలూ పెద్దగా ఉండవు. అంతమాత్రాన పరీక్షకు రాదనుకోకండి.

పరిచయం: చొల్లంగికి వచ్చే రెండు గుంపులు

కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద కొద్ది కిలోమీటర్లు పోతే చొల్లంగి వస్తుంది. ఏటా పుష్య బహుళ అమావాస్యనాడు ఇక్కడికి జనం తండోపతండాలుగా వచ్చి స్నానాలు చేస్తారు. అందుకే ఈ ప్రాంతంలో ఆ తిథికి చొల్లంగి అమావాస్య అని పేరు. అదే ఊరి పక్కన కోరంగి మడ అడవుల మధ్య చెక్కలతో వేసిన నడకదారి ఉంది. ఆదివారాల్లో, బడి సెలవుల్లో తల్లిదండ్రులు పిల్లలను తీసుకుని అక్కడికి వస్తారు. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడచెట్ల వేళ్ళను చూస్తారు, ఫోటోలు దిగుతారు, చీకటి పడకముందే ఇళ్ళకు వెళ్ళిపోతారు.

మొదటి గుంపు పంచాంగం చూసి వస్తుంది. రెండో గుంపు గోడ మీది క్యాలెండర్లో ఎర్ర అంకె చూసి వస్తుంది. ఊరు ఒకటే, నీరు ఒకటే, చాలాసార్లు మనుషులు కూడా ఒకటే. మారింది వాళ్ళను బయలుదేరదీసిన కాలగణన.

ఈ తేడా నాకు పుస్తకాల్లో తెలియలేదు. 1970ల్లో ఒక ఆదివారం మా నాయనమ్మను ఉప్పాడ సముద్రం ఒడ్డుకు తీసుకువెళ్ళాం. ఆవిడ బండి దిగి నీళ్ళవైపు చూసి, "ఇవాళేం తిథిరా?" అని అడిగింది. తిథి ఏమీ లేదని, ఊరికే వచ్చామని చెప్పాం. ఆవిడ నీళ్ళ దగ్గరికి రాలేదు. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని ముట్టుకోకూడదన్నది ఆవిడ తరంవారి నమ్మకం. మేం ఆడుకుని వచ్చేదాకా ఒడ్డున ఇసుకలో కూర్చుని చెప్పులకు కాపలా కాసింది. ఊరికే రావడం అనే పని ఒకటి ఉంటుందని ఆవిడకు అర్థం కాలేదని అప్పట్లో నవ్వుకున్నాం. ఊరికే రావడం అనేదానికి కూడా ఒక చరిత్ర ఉందని నాకు అర్థం కావడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది.

తీర్థం అనే మాట

గోదావరి జిల్లాల్లో తీర్థం అంటే పుణ్యజలం మాత్రమే కాదు, జాతర కూడా. "తీర్థానికి వెళ్ళాం" అంటే దేవుణ్ణి చూశామనీ, జీళ్ళు, ఖర్జూరం కొనుక్కున్నామనీ, రంగులరాట్నం ఎక్కామనీ, బంధువులను కలిశామనీ అన్నీ కలిపి అర్థం. కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం ఇందుకు మంచి ఉదాహరణ. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలను భుజాల మీద మోసుకువస్తారు. ఆ రోజు ఊళ్ళో మిగిలేది ఇళ్ళకు కాపలా ఉన్నవాళ్ళే. భక్తినీ వినోదాన్నీ విడదీసి ఏది ఎంత అని కొలవాలని చూసే పరిశోధకులు ఇక్కడ తప్పులో కాలేస్తారు. ఆ కొలత వేరే సమాజాలది.

చొల్లంగి అమావాస్యతో మొదలై మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేదిలో ముగిసే సప్తసాగర యాత్ర కూడా ఈ కోవలోదే. గోదావరి ఏడు పాయలుగా సముద్రంలో కలుస్తుందని, ఆ పాయలకు ఋషుల పేర్లు ఉన్నాయని సంప్రదాయం చెబుతుంది. ఒక్కొక్క సంగమం దగ్గర స్నానం చేసుకుంటూ వెళ్ళి, అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, భీష్మ ఏకాదశినాటి రథోత్సవం చూసి తిరిగివస్తారు. అంటే పది పన్నెండు రోజుల ప్రయాణం. పంట ఇంటికి చేరిన తరువాత, ఎండలు ముదరకముందు పడే రోజులవి. తిథిని శాస్త్రం నిర్ణయించినా, ఆ తిథినాడు జనం కదలగలిగారంటే వ్యవసాయం వాళ్ళను వదిలిపెట్టింది కనకనే.

ఇలాంటి యాత్రల్లో మరో సంగతి ఉంది. ఇంటి ఆడవాళ్ళు గడప దాటడానికి పెద్దలు అభ్యంతరం చెప్పలేని కారణం పుణ్యం. విహారానికి వెళ్తానని కోడలు అడగలేదు, అలాంటి మాటే లేదు. సంగమ స్నానానికి వెళ్తానని అత్తగారు అంటే ఆవిడ వెంట కోడలూ బయలుదేరేది. వితంతువులకైతే ఊరు దాటడానికి ఇంతకు మించిన దారి దాదాపుగా లేదు.

కాలువ పడవ

ఆనకట్టకు ముందు దూర ప్రయాణం అంటే ఏమిటో తెలియాలంటే ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర చూడండి. 1830 మే నెలలో మద్రాసులో బయలుదేరిన ఆయన 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. వెంట దాదాపు వందమంది పరివారం, బోయీలు, డేరాలు. అది సంపన్నుల ప్రయాణం. మామూలు కుటుంబం పిల్లాజెల్లాతో వెళ్ళగలిగింది బండి ఒక పగటిలో చేరే దూరమే.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ దాన్ని సాగునీటికి మాత్రమే ఉద్దేశించలేదు. రైళ్ళకంటే జలమార్గాలే ఈ దేశానికి చవక అని ఆయన జీవితాంతం వాదించారు. అందువల్ల డెల్టా ప్రధాన కాలువలను పడవలు నడిచేటట్టుగానే తవ్వారు, మట్టం మారే చోటల్లా లాకులు కట్టారు. ధవళేశ్వరం నుంచి కాకినాడకు, ఇటు ఏలూరు మీదుగా కృష్ణా కాలువలకు, అక్కడినుంచి దక్షిణంగా బకింగ్‌హాం కాలువ దాకా నీటి దారి ఏర్పడింది. ధాన్యం, కలప, ఉప్పు, బెల్లం ఈ దారిన కదిలాయి. వాటితోపాటు మనుషులూ కదిలారు. కాటన్ లెక్కల్లో సరుకు గురించి పేజీలకు పేజీలు ఉంటాయి గాని, అంతర్వేది తీర్థానికి వెళ్ళే ముసలమ్మ గురించి ఉండదు. అయినా ఆవిడ ఆ కాలువను తనదిగా చేసుకుంది.

జనాన్ని చేరవేసే రాదారి పడవలు ఉండేవి. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ మనుషులు తాడుతో లాగేవారు. వేగం ఎద్దుబండికి కాస్త అటూఇటూ. అయితే బండిలో లేని సుఖం ఒకటి పడవలో ఉంది. రాత్రి చాప పరుచుకుని పడుకోవచ్చు. చంటిపిల్లల తల్లికి, మోకాళ్ళ నొప్పుల పెద్దావిడకు ఇది చిన్న విషయం కాదు. లాకుల దగ్గర పడవ ఆగితే గట్టు దిగి పొయ్యి రాజేసి వండుకునేవారు. వంట ఇక్కడా ఆడవాళ్ళదే. కాకపోతే ఆరుబయట నలుగురితో మాట్లాడుకుంటూ చేసిన వంట. ఆ పడవ ప్రయాణం గురించి చెప్పినప్పుడు మా నాయనమ్మ దేవుడి గురించి తక్కువ, లాకుల దగ్గర కలిసిన మనుషుల గురించి ఎక్కువ చెప్పేది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించండి. ఏటా వేసవిలో పూడిక తీయడానికి, గట్లు, లాకులు మరమ్మతు చేయడానికి కాలువలకు నీరు ఆపేస్తారు. డెల్టాలో దీన్ని "కాలువలు కట్టేశారు" అంటారు. మళ్ళీ సార్వా పంటకు నీరు ఇచ్చినప్పుడు "కాలువలు వదిలారు" అంటారు. కట్టేసిన వారాల్లో పడవ లేదు. అందువల్ల పడవల కాలంలో దూరపు తీర్థాలు కార్తికం నుంచి మాఘ ఫాల్గుణాల మధ్యనే ఎక్కువగా సాగాయి. మనం ఈనాడు సెలవు అనగానే తలుచుకునే ఏప్రిల్, మే నెలలు ఆనాడు ఇల్లు కదలలేని నెలలు. వేసవి సెలవుల్లో ఊరు వెళ్ళడం అనేది నీటి దారి ఇచ్చిన అలవాటు కాదని దీనివల్ల తేలుతుంది. మరి ఆ అలవాటు ఎక్కడినుంచి వచ్చింది?

కచేరీ, కాలేజీ, రైలు

కాకినాడ ఎదుగుదలలో సగం కోరంగి పతనం. డచ్చివారి కాలంలో జగన్నాథపురం ఒక వ్యాపార స్థావరం. అయితే పెద్ద ఓడల రేవుగా, ఓడలు కట్టే చోటుగా పేరు కోరంగిది. 1789, 1839 సంవత్సరాల్లో వచ్చిన ఉప్పెనలు కోరంగిని దెబ్బతీశాయి, ఒండ్రు దాని మొగను మూసేసింది. కాకినాడ ముందున్న సముద్రం కూడా లోతైనది కాదు. ఓడలు మైళ్ళ దూరంలో లంగరు వేసుకుంటే సరుకును చిన్న పడవల్లో తెచ్చేవారు. ఈ బురద తీరం స్నానానికీ షికారుకూ పనికొచ్చేది కాదు. కాకినాడవాళ్ళు సముద్ర విహారం అంటే ఉత్తరాన వాకలపూడి, ఉప్పాడ వైపు పోవడానికి కారణం ఇదే. పట్టణానికి ఎదురుగా ఇసుక తిప్పగా పెరిగిన హోప్ ఐలాండ్ రేవుకు సహజమైన అడ్డుగోడగా నిలిచింది. ఇప్పుడు అది కూడా పడవ షికార్ల జాబితాలో చేరింది.

1859లో కాకినాడ గోదావరి జిల్లా కేంద్రం అయింది. 1866లో పురపాలక సంఘం ఏర్పడింది. 1874లో కెనడా బాప్టిస్టు మిషను ఇక్కడ పని ప్రారంభించింది. 1884 నాటికి పిఠాపురం రాజావారి పేరిట కాలేజీ నడుస్తోంది. కలెక్టరు కచేరీ, కోర్టు, మిషను బడి, కాలేజీ: ఈ నాలుగూ కలిసి పట్టణానికి కొత్త కాలగణన నేర్పాయి.

పాత వీధిబడికి సెలవులు లేకపోలేదు. అమావాస్య, పున్నమి, అష్టమి వంటి తిథుల్లో చదువు చెప్పకూడదన్న అనధ్యయన నియమం ఉండేది. బడి సెలవు కూడా చంద్రుణ్ణి బట్టే వచ్చేది. కచేరీ, మిషను వాటి స్థానంలో ఆదివారాన్ని పెట్టాయి. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం హుండీలు, చెక్కుల కోసం చేసింది. కాని ప్రభుత్వ సెలవు దినం అంటే ఏమిటో చెప్పింది కూడా అదే చట్టం. ఎండలు భరించలేని ఇంగ్లీషు అధికారులు వేసవిలో కొండలకు పోయేవారు. మద్రాసు ప్రభుత్వమే ఊటీకి తరలిపోయేది. కోర్టులకూ కాలేజీలకూ వేసవి సెలవులు ఇచ్చారు. గుమాస్తా, ప్లీడరు, ఉపాధ్యాయుడు ఊటీకి పోలేరు. వాళ్ళు భార్యాబిడ్డలను అత్తవారి ఊరికి పంపారు. మన వేసవి సెలవుల తొలి విహారం అమ్మమ్మగారి ఊరే.

కట్టేసిన కాలువల్లో పడవ లేకపోయినా వాళ్ళు వెళ్ళగలిగారంటే రైలు వచ్చింది గనక. 1890ల్లో తూర్పు తీరపు రైలుమార్గం ఈ జిల్లాల మీదుగా సాగింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన తెరిచారు. సామర్లకోట నుంచి కాకినాడకు శాఖ లైను ఉంది. రైలుకు తిథీ లేదు, పూడికతీతా లేదు. అన్నవరం కొండమీద సత్యనారాయణస్వామి ప్రతిష్ఠ 1891లో జరిగింది. రైలు మార్గం పక్కనే వెలసిన ఈ క్షేత్రం త్వరలోనే డెల్టా కుటుంబాలకు ఇష్టమైనదైంది. దంపతులు పీటల మీద కూర్చుని వ్రతం చేసుకుని తిరిగివచ్చే పద్ధతి చిన్న కుటుంబానికీ చిన్న సెలవుకూ అతికినట్టు సరిపోయింది. పది పన్నెండు రోజుల సప్తసాగర యాత్రను, ఒకటి రెండు రోజుల్లో అయిపోయే అన్నవరం ప్రయాణాన్ని పక్కపక్కన పెట్టి చూడండి.

కాకినాడ, కోటిపల్లి రైలు కథ మరీ ఆసక్తికరమైనది. 1928లో నడవడం మొదలైన ఈ లైను శివరాత్రికి కోటిపల్లి సోమేశ్వరస్వామి దగ్గరకు, రామచంద్రపురానికి, ద్రాక్షారామానికి వెళ్ళే జనంతో కిటకిటలాడేది. రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. 1940లో పట్టాలు ఊడబెరికి యుద్ధ అవసరాలకు తరలించారు. మళ్ళీ ఆ దారిన రైలు నడిచింది 2004లో. ఈ అరవై నాలుగేళ్ళ మధ్య పుట్టినవాళ్ళకు ఆ లైను పెద్దల నోట విన్న ముచ్చట మాత్రమే.

ప్రపంచంలో వేరేచోట్ల ఇదే మార్పు వేరే వరసలో జరిగింది. ఇంగ్లండులో 1841లో థామస్ కుక్ దాదాపు అయిదు వందల మందిని లెస్టర్ నుంచి లఫ్‌బరోకు రైల్లో తీసుకువెళ్ళాడు. అది మద్యపాన వ్యతిరేక సభకు వెళ్ళే ప్రయాణం. 1871లో అక్కడ బ్యాంకు సెలవుల చట్టం వచ్చింది, సముద్రతీరపు ఊళ్ళు కార్మికులతో నిండాయి. ఫ్రాన్సులో 1936లో కార్మికులకు జీతంతో కూడిన రెండు వారాల సెలవు హక్కు అయింది. అక్కడ కార్మికుల ఒత్తిడితో సెలవు పెరిగింది. మన దగ్గర అది ఉద్యోగంతోపాటు వచ్చింది. ఉద్యోగం లేనివాళ్ళకు రాలేదు.

యానాం పెళ్ళిళ్ళు

కాకినాడకు దక్షిణాన ఉన్న యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉంది. బాల్యవివాహాలను నిషేధించే శారదా చట్టం 1929లో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. ఆ చట్టం ఫ్రెంచి నేల మీద చెల్లదు. దాంతో బ్రిటిషు ప్రాంతపు కుటుంబాలు పసిపిల్లలను వెంటబెట్టుకుని యానాం వెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకువచ్చాయి. ఊరికి కల్యాణపురం అనే పేరు కూడా వచ్చింది. బంధువులు, మేళం, వంటవాళ్ళు అందరితో కలిసి సాగిన ఈ ప్రయాణాలను పెద్దలు సరదాగానే చెప్పుకునేవారు. ఆ సరదా ఎవరిది అన్నది మనం అడగాలి. ఎనిమిదేళ్ళ పిల్ల కొత్త పరికిణీ కట్టుకుని పడవ ఎక్కింది, సంబరపడింది కూడా. తను దాటింది ఏ హద్దో ఆ పిల్లకు తెలియదు. విహారాల చరిత్ర రాసేటప్పుడు దీన్ని వదిలేసేవారు ఉన్నారు. నేను వదలను.

ఇదే ప్రాంతంలో మరో బాలిక కథ దీనికి ఎదురు నిలుస్తుంది. 1923 డిసెంబరులో కాకినాడలో మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగింది. సభతోపాటు ఖద్దరు ప్రదర్శన పెట్టారు. రాజకీయాల మాట ఎలా ఉన్నా, ప్రదర్శన చూడడానికి కుటుంబాలు కదిలివచ్చే కాలం అది. ఆ ప్రదర్శన గేటు దగ్గర స్వచ్ఛంద సేవకురాలిగా నిలబడ్డ పద్నాలుగేళ్ళ అమ్మాయి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి వెళ్ళనివ్వలేదు. ఆమె తరువాత దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా ప్రసిద్ధురాలైంది. ఆమెకూ ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్ళిని ఆమె అంగీకరించలేదు. నెహ్రూ కథను అందరూ చెబుతారు. ఒక బాలిక ఇంటి బయట, పెద్ద జనసమ్మర్దంలో, సొంత అధికారంతో నిలబడిందన్న విషయం మీద ఎవరూ ఆగరు.

ఎవరికి సెలవు?

1891 నాటి ఫ్యాక్టరీల చట్టం కర్మాగారాల కార్మికులకు వారానికి ఒక రోజు సెలవు ఇచ్చింది. డెల్టాలో ఆ చట్టం కిందికి వచ్చేవారు ఎంతమంది? పొలాల్లో పనిచేసే పాలేరుకు ఆదివారం లేదు. రేవులో బస్తాలు మోసే కలాసీకి ఓడ వస్తే పని, లేకపోతే పస్తు. పనిలేని రోజును సెలవు అనలేం. పేదలు ప్రయాణాలు చేయలేదని కూడా అనలేం. ఈ తీరం నుంచి బర్మాకు పనులకు వెళ్ళిన తెలుగువాళ్ళు ఎంతమంది అంటే, అక్కడ తెలుగువారికి కోరంగీలు అనే పేరే స్థిరపడింది. సముద్రం మీద అందరికంటే ఎక్కువ దూరం వెళ్ళింది వాళ్ళే. దాన్ని ఎవరూ విహారం అనలేదు.

దళితులకు తీర్థం అంటే గుడి బయటి సంత వరకే. మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా చట్టం కూడా వాళ్ళ పక్షాన లేదు. కార్తికంలో ఉసిరిచెట్టు కింద చేసే వనభోజనాల సంగతి చూడండి. తోటల్లోకి పోయి అందరూ కలిసి తినాలన్న పాత ఆచారం అది. ఈనాడు కాకినాడలోనూ రాజమండ్రిలోనూ వనభోజనాలు చాలావరకు కులాలవారీగా జరుగుతున్నాయి, పత్రికల్లో కులాల పేర్లతోనే వార్తలు వస్తున్నాయి. కొందరు దీన్ని ఆచార పునరుద్ధరణ అంటారు. నాకైతే చెట్టుకు లేని కులాన్ని భోజనానికి అంటగట్టడంగానే కనిపిస్తుంది. మీరు ఒప్పుకోనక్కరలేదు. ఒప్పుకోకపోతే ఆధారాలతో రాయండి.

లాంచీ

ఆనకట్టకు ఎగువన నదిలో లాంచీలు రాజమండ్రి నుంచి పాపికొండల మీదుగా భద్రాచలం వైపు తిరిగేవి. 1973లో వచ్చిన బాపు చిత్రం అందాల రాముడు ఈ ప్రయాణాన్ని తెలుగువాళ్ళందరికీ చూపించింది. అందులో జనం శ్రీరామనవమి కల్యాణానికి బయలుదేరతారు. కాని ప్రేక్షకుడికి గుర్తుండేది లాంచీ మీద వంటలు, పేకాటలు, తగువులు, కొండలు. తీర్థం విహారంగా మారే మలుపు ఆ సినిమాలో ఉంది. కొన్ని దశాబ్దాల్లో భద్రాచలం జారిపోయి పాపికొండల టూర్ మిగిలింది. పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగే టూర్. మధ్యలో పేరంటపల్లి.

2019 సెప్టెంబరు 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరు వద్ద ఒక పర్యాటక బోటు మునిగింది. డెబ్భైమందికి పైగా ఎక్కారు, నలభైమందికి పైగా చనిపోయారు. వారిలో తెలంగాణ నుంచి కుటుంబాలుగా వచ్చినవారు చాలామంది. ఆ రోజు ఆదివారం. భాద్రపద మాసం. నదిలో వరద నీరు ఉంది. పడవల కాలంలో వరద గోదావరి మీదికి పిల్లలతో వెళ్ళేవారు కాదు. దాటక తప్పనివాళ్ళే దాటేవారు. ఆదివారానికి నది ఏ స్థితిలో ఉందో తెలియదు. ప్రమాద కారణాల మీద విచారణలు జరిగాయి, అవి వేరే విషయం. చరిత్ర విద్యార్థి గమనించవలసింది ఏమిటంటే, నీటి కాలగణనను పక్కనపెట్టి కచేరీ కాలగణనతో నీటి మీదికి వెళ్ళడం డెల్టాలో ఇటీవలి అలవాటు.

అలాగని పాత పద్ధతి క్షేమమని తేల్చేయకండి. 2015 జూలై 14న, గోదావరి పుష్కరాల మొదటి రోజున, రాజమండ్రి పుష్కరఘాట్‌లో తొక్కిసలాటలో పాతికమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అది పూర్తిగా పంచాంగం నిర్ణయించిన రోజు. పన్నెండేళ్ళకొకసారి వచ్చే స్నానానికి రైళ్ళు, బస్సులు, కార్లు ఒకే ఘడియలో అంతమందిని తెచ్చి దింపడం పడవల కాలంలో సాధ్యం కాదు. పాత తిథి, కొత్త వాహనం కలిస్తే ఏమవుతుందో అక్కడ చూశాం.

ఆధారాలు సేకరించడం

ఈ చరిత్రకు ప్రభుత్వ దస్త్రాల్లో దొరికేది తక్కువ. పడవల మీద వసూలైన సుంకం రాస్తారు గాని పడవలో ఎవరు పాడారో రాయరు. అందువల్ల ఈ పాఠానికి సంబంధించిన అభ్యాసాన్ని మీ ఇంట్లోనే మొదలుపెట్టండి. ఇంట్లోగాని వీధిలోగాని అందరికంటే పెద్ద వయసున్న స్త్రీని మూడు విషయాలు అడగండి. మొదటిసారి సముద్రాన్నిగాని గోదావరినిగాని ఎప్పుడు చూశారు? ఎవరితో, దేనిమీద వెళ్ళారు? ఆ ప్రయాణంలో ఏం తిన్నారు, అది ఎవరు వండారు? మూడో ప్రశ్నను చిన్నచూపు చూడకండి. అసలు సంగతులన్నీ దానికి వచ్చే జవాబులోనే ఉంటాయి.

వాళ్ళు సంవత్సరం చెప్పరు. పుష్కరాన్నిబట్టో వరదనుబట్టో గాలివాననుబట్టో చెబుతారు. దాన్ని సంవత్సరంలోకి మార్చుకోవడం మీ పని. గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015లలో వచ్చాయి. పెద్ద వరద అంటే చాలామంది 1986 అంటారు, ఇంకా పెద్దవాళ్ళయితే 1953 కావచ్చు. కాకినాడ, కోనసీమలవాళ్ళు "ఆ గాలివాన" అంటే సాధారణంగా 1996 నవంబరుది. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన 2002లో వచ్చింది కనక, ఆ రేవును పంటు మీద దాటామని చెబితే అంతకు ముందుది అనుకోవచ్చు.

మా నాయనమ్మను నేను ఈ ప్రశ్నలు అడగలేదు. అప్పటికి నాకు తెలియదు. ఆవిడ దానంతటదే చెప్పింది ఒకటి మాత్రం గుర్తుంది. చొల్లంగి వెళ్ళిన మొదటిసారి తన వయసు పదకొండని, అత్తగారితో కాలువ పడవలో వెళ్ళానని, తెల్లవారి చలిలో నీళ్ళలోకి దిగనని ఏడిస్తే అత్తగారు కొంగుముడి విప్పి ఒక జీడి చేతిలో పెట్టిందని.